తగవు తీర్చుట – తగవులో కలుగజేసికొనుట
(పంచాయతీ సభ్యులకు ఒక పాఠము)

నందికొట్కూరు చుట్టుపట్ల నల్లరేగడి భూములుగల ఒక పల్లెను ఊహించుకొందము. అన్నదమ్ముల బిడ్డలైన ఇద్దరు రైతుల పొలముల నడుమ ఒక గెనిమ ఉన్నది. ఒకడు ఏటేట దున్నుచు ఆ గెనిమను మూరెడు తనవైపునుండి అవతలికి జరిపినాడని రెండవవాని ఆరోపణ. మాటకు మాట పెరిగినది. ఒకరి ఇంటి శుభకార్యమునకు మరియొకరు పోవుట మానిరి. అది చూచి ఆ వార్డు సభ్యుడు ఒక సాయంత్రము ఇద్దరిని పిలిచి కూర్చుండబెట్టెను.

మరునాడు ఆ సభ్యునికి రెండు మాటలు వినవచ్చినవి. దారిలో ఎదురైన ఒకరు, "నీకేం పని సామీ, వాళ్ళ తగవులో నువ్వెందుకు కలుగజేసుకుంటివి?" అనిరి. ఆ రైతులలో ఒకరి తల్లి మాత్రము, "నువ్వన్నా కలుగజేసుకోకుంటే ఎట్ల నాయనా, మా పిల్లోళ్ళు కొట్టుకొని సస్తారు" అనెను.

రెండు నోళ్ళలోను ఉన్నది ఒకే క్రియాపదము. ఒకచోట అది నింద, వేరొకచోట ప్రార్థన. ఒకే మాట రెండు విధములుగా ఎట్లు పలికినది? పంచాయతీ సభ్యుడైనవాడు ఈ ప్రశ్నను ఒకసారి నెమ్మదిగా ఆలోచింపవలసియున్నది. ఏలయన ఊరిలో తగవు పుట్టినప్పుడు మొదట తట్టబడు తలుపు ఆతనిదే. ఈ పాఠమునందు మేము ఆ పదము పుట్టుకను, దానికి చుట్టములైన కొన్ని పదములను పరిశీలించి, అవి మన పనికి నేర్పు నీతి ఏమో చూపదలచినాము.

పదము యొక్క కూర్పు

"కలుగు" అనగా ఉండుట, పుట్టుట. "వారికి కొడుకు కలిగినాడు", "మేలు కలిగినది" అని అందుము. దానికి "చేయు" చేరినచో "కలుగజేయు" అగును, అనగా పుట్టించుట. తుదకు "కొను" చేరినచో "కలుగజేసికొను" అగును. అనగా తనకై పుట్టించుకొనుట. ఏమి పుట్టించుకొనుట? సంబంధము. అంతవరకు తనకు లేని సంబంధమును తనంతట తాను ఏర్పరచుకొని ఇతరుల వ్యవహారములో ప్రవేశించుట అని ఈ పదమునకు తాత్పర్యము. "కల్పించుకొను" అను మాటయు ఇట్టిదే. పత్రికలలో తరచుగా కనబడు "జోక్యము చేసికొను" అనుదానికిని తుదిని నిలిచినది "కొను"యే.

ఈ "కొను" అనునది చిన్న మాట వలె కనబడును గాని చేయు పని పెద్దది. అది చాల క్రియలకు చేరినప్పుడు ఆ పని యొక్క ఫలము చేసినవానికే చెందునని తెలుపును. బడిలో పిల్లలకు అన్నము వండువారు వండుదురు. మన ఇంట మనము వండుకొందుము. పెండ్లివారు తాంబూలములు పంచుదురు. అన్నదమ్ములు ఆస్తిని పంచుకొందురు. పంచువానికి పాలు లేదు, పంచుకొనువానికి కలదు.

ఇక అన్నింటికంటె గమనింపదగిన జంట ఒకటి ఉన్నది. "తీర్చు", "తీర్చుకొను". తగవు తీర్చుట అందుము. పగ తీర్చుకొనుట అందుము. ధాతువు ఒక్కటే. "కొను" చేరుటతో శాంతి చేయు మాట కక్షకు సంబంధించిన మాటగా మారినది. పగల వలన కలిగిన దుఃఖమును రాయలసీమ పల్లెలు బాగుగ నెరుగును. గట్టు కొరకో, నీటి కొరకో పుట్టిన చిన్న తగవు, దానిలో ప్రవేశించినవారు దానిని తమ బలము పెంచుకొనుటకు వాడుకొనగా, ఊరు రెండు పార్టీలుగా చీలుటకు దారితీసిన సంగతి ఈ సీమలో వృద్ధులు పలువురు చెప్పగలరు. ఆ మార్పంతయు భాషలో ఈ రెండక్షరముల మాటలో ఇమిడియున్నది.

అయితే "కొను" చేరిన ప్రతి పనియు స్వార్థమని భావింపరాదు. తెలిసికొనుట, నేర్చుకొనుట, ఆదుకొనుట, ఒకరి భారమును తలకెత్తుకొనుట – ఇవియు "కొను"తోనే ముగియుచున్నవి. ఆ తల్లి "కలుగజేసుకో" అన్నప్పుడు మా కష్టమును నీ కష్టముగా భావింపుమని వేడినది. దారిలో ఎదురైనవారు మా తగవును నీ లాభముగా చేసికొనకుమని హెచ్చరించినారు. పదము రెండర్థములకును చోటిచ్చినది. ఏ అర్థము నిలుచునన్నది ప్రవేశించినవాని నడవడిని బట్టి ఊరు నిర్ణయించును.

"తీరు" కుటుంబము

"తీర్చు" అనునది "తీరు" ధాతువు నుండి వచ్చినది. తీరుట అనగా ముగియుట, పూర్తియగుట, ఒక క్రమమునకు వచ్చుట. అప్పు తీరును, ఆకలి తీరును, దాహము తీరును. జనులు బారులు తీరుదురు. పని ముగిసిన తరువాత దొరకునది తీరిక. ఈ ధాతువు తమిళ కన్నడములందును ఉన్నది; తీర్పు అను మాటను ఆ రెండు భాషలవారును స్వల్పభేదముతో వాడుచున్నారు.

పంచాయతీ కార్యాలయములో మన చేతికి దినదినము తగులు మాటలలో కొన్ని ఈ కుటుంబమునకు చెందినవే. సభలో చర్చ ముగిసి నిలుకడకు వచ్చిన మాట తీర్మానము. న్యాయాధికారి వివాదమును ముగించి చెప్పు మాట తీర్పు. ఇంత యని తేల్చి నిర్ణయించిన పన్ను తీరువ. కాలువ క్రింది రైతు చెల్లించుచు వచ్చిన నీటి తీరువ ఇట్టిదే. ఈ మూడింటియందును సామాన్యమైన భావము ఒక్కటే: మరల తెరువనవసరము లేకుండ ముగియుట. కావున "తగవు తీర్చితిని" అని చెప్పుకొనదలచినవాడు మొదట వేసికొనవలసిన ప్రశ్న, "ఇది నిజముగా ముగిసినదా, లేక నా యెదుట మాత్రము మాటలు ఆగినవా?" అనునది.

దీనికి ఎదురుగా నిలిచిన మాట "తకరారు". మన కోర్టు కాగితములందును పల్లె మాటలందును తకరారు అనగా వివాదము. ఇది అరబ్బీ నుండి వచ్చినది. అచ్చట దాని మొదటి అర్థము మరల మరల చెప్పుట. తీరని తగవునకు ఇంతకంటె తగిన పేరు దొరకదు. చెప్పిన మాటనే చెప్పుచు, పాత సంగతినే త్రవ్వుచు పోవుటయే తకరారు. ఆ మాట ఇక చెప్పనవసరము లేకుండ చేయుట తీర్పు.

న్యాయము తెలుపు మాటలు జగడము తెలుపుట

ఇప్పుడు "తగవు" అను మాటనే చూతము. నేడు తగవు అనగా జగడము. కాని ఈ మాట "తగు" నుండి పుట్టినది. తగినది, తగుదును, తగదు అను మాటలలో ఉన్నది ఆ "తగు"యే. ప్రాచీన కవుల గ్రంథములలో తగవు అనగా న్యాయము, ఔచిత్యము, చేయదగిన పని. న్యాయము తెలిసినవానిని తగవరి యనిరి. తమిళమున నేటికిని "తకవు" అనగా అర్హత, యోగ్యత. కడపలో పనిచేసి, తెలుగునకు ఎనలేని సేవ చేసిన సి. పి. బ్రౌను 1852లో వెలువరించిన నిఘంటువునందు ఈ మాటకు న్యాయమను అర్థమును, కలహమను అర్థమును రెండును కానవచ్చును. అనగా ఒకప్పుడు "తగవు చెప్పుట" అన్న న్యాయము చెప్పుట. న్యాయము కొరకు జనులు చేరునది తగవు. చేరినచోట కేకలు మిగులగా, కాలక్రమమున ఆ కేకలకే తగవు అను పేరు నిలిచినది.

ఇట్లు దిగజారిన మాట ఇది ఒక్కటే కాదు. "రచ్చ" సంస్కృతమున వీధి యను అర్థముగల "రథ్య" నుండి వచ్చినది. ఊరి నడిమి వీధిలో పెద్దలు కూర్చుండు చోటు రచ్చ; అచ్చటి చెట్టు క్రింది అరుగు రచ్చబండ. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్న సామెతలో రచ్చ గౌరవముగల సభయే. నేడు "రచ్చ చేయుట" అనగా అల్లరి చేయుట. "రచ్చకెక్కుట" అనగా పరువు పోవుట.

మూడవ మాట మన సంస్థ పేరే. ఐదుగురు కూడి విచారించునది గనుక పంచాయతీ. కాని వాడుకలో "వాళ్ళిద్దరికీ పంచాయితీ ఉంది" అన్నచో వారి నడుమ జగడమున్నదని అర్థము. "లేనిపోని పంచాయితీ పెట్టినాడు" అన్నచో కలహము తెచ్చినాడని అర్థము.

న్యాయమునకు పేరైన తగవు, సభకు పేరైన రచ్చ, మధ్యస్థులకు పేరైన పంచాయతీ – మూడును జగడమునకు పేర్లయినవి. మాటల అర్థములు మారుటకు పెక్కు కారణములుండును. ఏ ఒక్కరి తప్పిదము వలనను ఇది జరిగినదని చెప్పరాదు. అయినను మందు పేరు రోగమునకు నిలిచినచో వైద్యులు కొంత సిగ్గుపడి ఆలోచింపవలసి ఉండును గదా. జనులు తగవు తీర్చుచోట న్యాయముకంటె జగడమునే ఎక్కువగా చూచియుండిరని ఈ మాటలు మనకు మెల్లగా చెప్పుచున్నవి.

నడుమకు వచ్చుట, అడ్డుపడుట

ఇతర భాషలవారికిని ఈ చిక్కు కలదు. ఇంగ్లీషున రెండు మాటలున్నవి. "ఇంటర్వీన్" అను మాట లాటిను నుండి వచ్చినది. నడుమకు వచ్చుట అని అర్థము. "ఇంటర్ఫియర్" అను మాట పాత ఫ్రెంచి నుండి వచ్చినది. ఒకరినొకరు కొట్టుకొనుట అని దాని మొదటి అర్థము. నడచునప్పుడు గుఱ్ఱపు డెక్క దాని రెండవ కాలికే తగిలి గాయపరచుటకు ఆ మాటను వాడిరి. వెళ్ళినవాడు ఇద్దరి నడుమ నిలిచినచో మొదటిది. నడకకే అడ్డమై గాయము చేసినచో రెండవది.

మనకు సంస్కృతము నుండి వచ్చిన "మధ్యవర్తి" యందు ఈ విషయము స్పష్టముగా ఉన్నది. మధ్య వర్తించువాడు, అనగా నడుమ నడచుకొనువాడు. ఒక ప్రక్కకు జరిగిన క్షణమున ఆతడు ఆ పేరునకు తగడు. ఉర్దూ మూలముగా మనకు చేరిన "రాజీ" అను అరబ్బీ మాట ఇంకను విలువైనది. దాని అర్థము సంతుష్టి, సమ్మతి. రాజీనామా అనగా మొదట సమ్మతి పత్రము. కావున బెదరించి చేయించిన రాజీ, సిగ్గుపెట్టి చేయించిన రాజీ, ఆ మాటకే విరుద్ధము. సమ్మతి లేనిచోట రాజీ లేదు.

మన తెలుగు మాట "కుదుర్చు" కూడ ఇట్టి పాఠమునే చెప్పును. కుండ దొర్లకుండ అడుగున పెట్టు గడ్డిచుట్టను కుదురు అందుము. కుదురు కుండను మోయును గాని కుండలోని నీటిలో పాలు కోరదు. ఒప్పందము కుదుర్చువాడు అట్లుండవలెను.

అధికారము ఎవ్వరిది?

పూర్వము తగవు తీర్చు అధికారము పల్లెలో కొంతవరకు ఉండెడిది. 1800లో నైజాము దత్తమండలములను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన తరువాత 1807 వరకు అచ్చట ప్రధాన కలెక్టరుగా ఉండిన థామస్ మన్రో, పల్లె పంచాయతీల పద్ధతిని మెచ్చుకొనినవాడు. 1816లో మద్రాసు ప్రభుత్వము చేసిన రెగ్యులేషనులు గ్రామ మునసబులకును గ్రామ పంచాయతీలకును చిన్న సివిలు వ్యాజ్యములను విచారించు అధికారము నొసగినవి. నందికొట్కూరు ప్రాంతము ఆనాడు కర్నూలు నవాబుల ఏలుబడిలో ఉండి, 1839లో కంపెనీ పాలనలోనికి వచ్చినది. 1888 సంవత్సరపు మద్రాసు గ్రామ న్యాయస్థానముల చట్టము ఈ పద్ధతికి మరికొంత రూపము నిచ్చినది.

ఆ కాలము గడచినది. 1959 అక్టోబరు 11వ తేదీన షాద్‌నగరులో జవహర్లాల్ నెహ్రూ ఆంధ్రప్రదేశ్‌నందు పంచాయతీరాజ్ వ్యవస్థను ప్రారంభించిరి. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలునకు వచ్చినది. దాని ననుసరించి 1994లో మన రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టము ఏర్పడినది. ఇవి పంచాయతీకి నీరు, దీపములు, వీధులు, పారిశుద్ధ్యము మొదలగు బాధ్యతల నిచ్చినవి. తీర్పు చెప్పు అధికారము నియ్యలేదు. సర్పంచి గాని సభ్యుడు గాని న్యాయాధికారి కాడు. జరిమానా విధించుట, వెలివేయుట, నీరు నిప్పు ఆపించుట – వీనిలో ఏదియు వారి చేతిలో లేదు. అట్లు చేసినవారే చట్టము ముందు దోషులగుదురు.

మరి మనకు మిగిలినదేమి? సమ్మతితో ఒప్పందము కుదుర్చుట. ఇది తక్కువ పని కాదు. 2023లో పార్లమెంటు చేసిన మధ్యవర్తిత్వ చట్టమునందు ఒక ప్రాంతపు జనుల శాంతి సామరస్యములకు సంబంధించిన తగవుల కొరకు సామాజిక మధ్యవర్తిత్వమను ప్రత్యేక భాగము కలదు. అందును ముందుగా ఇరుపక్షముల సమ్మతి ఉండవలెననియే నియమము. 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద జరుగు లోక్ అదాలతులో ఇరుపక్షములు ఒప్పుకొనిన పరిష్కారము సివిలు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. అచ్చట రుసుము లేదు. ఉచిత న్యాయ సలహాకు 15100 నంబరునకు ఫోను చేయవచ్చును.

మన కాలువ చెప్పు పాఠము

సమ్మతికిని తీర్పునకును గల భేదమును మన ముంగిట పారు నీరే చూపగలదు. తుంగభద్రపై సుంకేసుల వద్ద పుట్టి, నందికొట్కూరు సీమ మీదుగా నంద్యాల, కడపల వైపు సాగు కర్నూలు–కడప కాలువను 19వ శతాబ్దమున ఒక కంపెనీ త్రవ్వించెను. 1882లో ప్రభుత్వము దానిని కొనినది. ఆ నీటికి మూలమైన తుంగభద్ర విషయమున మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వములు చిరకాలము వాదులాడి, 1944లో ఒక ఒప్పందమునకు వచ్చినవి. ఆ మరుసటి సంవత్సరము తుంగభద్ర ఆనకట్ట పని మొదలైనది. ఇది రాజీ.

తరువాత కృష్ణానది నీటి పంపకమున మహారాష్ట్ర, మైసూరు, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములకు వివాదము రాగా, 1956 నాటి అంతర్రాష్ట్ర జలవివాదముల చట్టము ననుసరించి 1969లో బచావత్ అధ్యక్షతన ట్రిబ్యునలు ఏర్పడినది. అది 1973లో తన నిర్ణయమును ప్రకటించెను. అందు కర్నూలు–కడప కాలువకు 39.9 టి.ఎం.సి.లు కేటాయింపబడినవి. ఇది తీర్పు. దాని వెనుక పార్లమెంటు చేసిన చట్టము ఉన్నది. సాక్ష్యములు, లెక్కలు, ఇరుపక్షముల న్యాయవాదులు ఉన్నారు. అయినను 2004లో రెండవ ట్రిబ్యునలు ఏర్పడవలసి వచ్చినది. ఇంత బలముగల తీర్పునకే తకరారు తప్పనప్పుడు, ఏ బలమును లేని సభ్యుడు రచ్చబండపై ఒంటరిగా "తీర్పు" చెప్పినచో అది ఎంతకాలము నిలుచును? పిల్లకాలువ నీటి వంతు విషయమున, మీది రైతును చివరి రైతును ఇద్దరిని తూము దగ్గరకే తీసికొనిపోయి, వారి నోటనే వంతు చెప్పించుట మేలు. తాము చెప్పిన మాటను తాము నిలుపుకొందురు.

కలుగజేసికొనరాని చోట్లు

కొన్ని సంగతులలో సభ్యుడు రాజీకి పూనుకొనుటయే తప్పు. చంపుట, అత్యాచారము, పిల్లలపై లైంగిక దాడి, వరకట్నపు మరణము, కులము పేరిట జరిగిన అత్యాచారములు – ఇవి రెండు కుటుంబముల తగవులు కావు. వీనికి ఊరిలో "పంచాయితీ" పెట్టి సొమ్ము ఇప్పించి మాయచేయుట నేరమును దాచుట. రాజీపడదగిన నేరములు ఏవో చట్టమే చెప్పియున్నది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో వాని పట్టిక కలదు. పిల్లలపై లైంగిక దాడి జరిగినదని తెలిసినవారు పోలీసులకు తెలుపవలెనని 2012 నాటి పోక్సో చట్టము ఆజ్ఞాపించుచున్నది, తెలుపకుండుట శిక్షార్హము. పిల్లల విషయమున 1098, స్త్రీల విషయమున 181, అత్యవసరమున 112 నంబర్లు ఉన్నవి.

వయస్సు వచ్చిన ఇద్దరు తమ ఇష్టముతో పెండ్లాడినప్పుడు ఊరు గాని కులపెద్దలు గాని అడ్డుపడుట చట్టవిరుద్ధమని 2018 మార్చిలో సుప్రీంకోర్టు స్పష్టముగా చెప్పినది. ఇచ్చట సభ్యుని కర్తవ్యము వారికి రక్షణ కలుగునట్లు చూచుట. కలుగజేసికొనక కలుగజేయవలసిన పని ఇదియే.

ప్రవేశించు విధము

ఇక మొదటి ఉదాహరణకు మరలుదము. ఆ వార్డు సభ్యుడు ఏమి చేసినచో "తీర్చినవాడు" అగును?

మొదటిది, సమ్మతి. ఇద్దరిని విడివిడిగా కలిసి, "మీకిష్టమైనచో నేను కూర్చుందును, లేనిచో లేదు" అని చెప్పవలెను. ఒకరు వద్దన్నచో ఆగవలెను. ఆతనికి ఇద్దరిలో ఒకరితో బంధుత్వమో, అప్పో, ఓటు సంబంధమో ఉన్నచో, దానిని ముందుగా తానే చెప్పి, వేరొకరిని కూర్చుండుమని కోరవలెను. మధ్యవర్తి యగుటకు మొదట మధ్య నుండవలెను గదా.

రెండవది, విషయము. ఇది గెనిమ తగవు. కనుక పొలమును కొలిపించవలెను. కొలత చెప్పవలసినది సభ్యుడు కాదు, సర్వేయరు. హద్దుల కొలతకు ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టించి, ఆ రుసుమును ఇద్దరు చెరిసగము భరించునట్లు ఒప్పించుట ఆతని పని. చెరిసగము సొమ్ము పెట్టినవారికి వచ్చిన కొలతపై ఇద్దరికిని నమ్మకము కుదురును. గెనిమ జరిగినదని తేలినచో రాళ్ళు పాతు దినమున ఇద్దరును పొలములో ఉండవలెను.

మూడవది, మాటకు చోటు. ఇరువురిని అంతరాయము లేకుండ మాటలాడనియ్యవలెను. స్త్రీలను పిలువవలెను, గెనిమ తగవు వలన రాకపోకలు మానినవారు, దాని బాధను దినదినము అనుభవించువారు వారు. పాత సంగతులను త్రవ్వనియ్యక, "ఇప్పుడు ఏమి జరిగినచో నీకు సమ్మతము?" అను ప్రశ్నకు మరల్చవలెను. తకరారును రాజీగా మార్చు ప్రశ్న ఇదియే.

నాలుగవది, వ్రాత. ఒప్పుకొనిన మాటను ఇద్దరికిని అర్థమగు తెలుగులో వ్రాసి, చదివి వినిపించి, సంతకములు చేయించి, ఇద్దరికి చెరియొక ప్రతి నియ్యవలెను. భూమి హక్కు చేతులు మారునదైనచో ఆ కాగితము చాలదు; రిజిస్ట్రేషను కావలెను.

ఐదవది, ఫలము. భోజనము గాని, సొమ్ము గాని, రాబోవు ఎన్నికలలో ఓటు గాని ఆతడు కోరరాదు. "నేను తీర్చితిని" అని చాటుకొనుటయు ఒక విధమైన కూలి పుచ్చుకొనుటయే. పంచువాడు పంచుకొనువాడు కారాదు.

ఇంత చేసియు ఒప్పందము కుదరకపోవచ్చును. అప్పుడు సిగ్గుపడక లోక్ అదాలతునకో కోర్టునకో త్రోవ చూపవలెను. కుదరనిదానిని కుదిరినదని చెప్పుటకంటె, కుదరలేదని ఇద్దరి యెదుట ఒప్పుకొనుట గౌరవము. అట్లు ఒప్పుకొనినవానిని ఊరు తరువాతి తగవునకు మరల పిలుచును.

తగవు అను మాటకు న్యాయమను పాత అర్థమును నిఘంటువులు మరల తెచ్చిపెట్టలేవు. అది ప్రతి ఊరి రచ్చబండ వద్ద జరుగవలసిన పని. గెనిమ మరల తన చోట నిలిచి, పెండ్లికి ఈ ఇంటివారు ఆ ఇంటికి పోయిన దినమున, ఆ సభ్యుడు కలుగజేసికొనెనని ఎవ్వరును నిందింపరు.

సభ్యులు తమలో చర్చింపవలసిన ప్రశ్నలు

1. మన ఊరిలో "కలుగజేసుకొనుట" అను మాటను మెప్పుగా వాడుదురా, నిందగా వాడుదురా? ఎప్పుడెప్పుడు?

2. గత సంవత్సరము మనము "తీర్చితిమి" అనుకొనిన తగవులలో నిజముగా తీరినవి ఎన్ని? మరల తల ఎత్తినవి ఎన్ని? ఏల?

3. తగవు తీర్చుటకు కూర్చుండు పెద్దలలో స్త్రీలు, పేదవాడల వారు ఎందరు?

4. పోలీసులకు తెలుపవలసిన సంగతిని ఎప్పుడైన ఊరిలోనే ముగింపజూచితిమా? దాని వలన నష్టపోయినవారెవరు?